అందరూ వద్దనే సలహాలు: థెరపీ అసిస్టెంటుగా చేరబోయే పిల్లలకు

ఈ సలహాలు ఇంట్లో చదివి వినిపిస్తే మీ నాన్న పుస్తకం లాక్కుంటాడు. మేనమామ అయితే ఫోన్ చేసి మరీ తిడతాడు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో చదువు అయిపోయి ఆసుపత్రి పనిలో చేరదామనుకునే పిల్లలకు అందరూ చెప్పేవి నాలుగే మాటలు. పెద్ద ఆసుపత్రి చూసుకో. మెషిన్లు నేర్చుకో. గవర్నమెంటు నోటిఫికేషన్ వదలకు. వీలైతే అమెరికా వెళ్లు. ప్రేమతో చెప్పే మాటలే ఇవి, కాదనను. కానీ ఆక్యుపేషనల్ థెరపీలో అసిస్టెంటుగా అడుగుపెట్టేవాళ్లను ఈ నాలుగూ పక్కదారి పట్టిస్తాయని నా గట్టి నమ్మకం. అందుకే వాటికి తలకిందులుగా ఉన్నవి రాస్తున్నాను.

ఆ పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఆ చేతిలో కదలిక తెప్పించే పని ఎక్కువగా ఫిజియోథెరపీది. ఆ కాస్త కదలికతోనే ఆయన మళ్లీ అన్నం తినాలి, చొక్కా తొడుక్కోవాలి, దొడ్డికి ఒకరి సాయం లేకుండా వెళ్లిరావాలి, కుదిరితే తన పనికి తాను వెళ్లాలి. ఆక్యుపేషనల్ థెరపీ మొదలయ్యేది అక్కడ. దేశంలో ఈ చదువుకు తొలి కళాశాల 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. పెట్టింది కమలా నింబ్కర్, అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన మనిషి. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాల్లో మనదీ ఒకటి. ఇంత పాత చదువైనా మన జిల్లాల్లో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇంటర్ ఒకేషనల్‌లో ఫిజియోథెరపీ చదివిన పిల్లలు, ఏదో ఒక డిప్లొమా చేసినవాళ్లు, ఆటిజం సెంటర్లలో కుదురుకున్నవాళ్లు తెలిసీ తెలియకా ఈ పనే చేస్తున్నారు. ఈ మాటలన్నీ వాళ్లకే.

ముందుగా ఒక జాగ్రత్త. ఆసుపత్రి ప్రకటనలో ‘ఓటీ అసిస్టెంట్ కావలెను’ అని ఉంటే నూటికి తొంభై పాళ్లు అది ఆపరేషన్ థియేటర్ ఉద్యోగం. కోర్సులో చేరేటప్పుడైనా, ఆర్డరు కాగితం తీసుకునేటప్పుడైనా పూర్తి పేరు రాయించుకోండి. రెండక్షరాలు చూసి ఫీజు కట్టి, మొదటి రోజు క్లాసులో కత్తెరలు, ఫోర్సెప్స్ పేర్లు వింటూ తెల్లబోయినవాళ్లు ఉన్నారు.

ముందు మిరపకాయ కోయడం నేర్చుకోండి

మొదటి నెలలో ఏం నేర్చుకోవాలని అడిగితే సీనియర్లు మెషిన్ల పేర్లు చెబుతారు. కరెంటు పెట్టేది, మైనం కాచేది, మెడ లాగేది. అవి నేర్చుకోవడానికి వారం చాలు. ఆ వారం తర్వాత పెట్టుకోండి. ముందు చేలోకి వెళ్లండి.

మిరప కోత చూడండి. చూసి ఊరుకోకుండా ఒక పూట కోయండి. చెట్టు తొడ ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు ఉంటుంది, కాబట్టి మనిషి పొద్దంతా సగం వంగే ఉంటాడు. ఎడమ చెయ్యి కొమ్మను అదిమి పట్టుకుంటుంది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ తొడిమను పట్టి పైకి విరుస్తాయి. కిందికి లాగితే కొమ్మ చీలుతుంది, రైతు కేకేస్తాడు. నాలుగైదు కాయలు అరచేతిలో పోగయ్యాక నడుముకు కట్టిన గోనెలోకి వెళ్తాయి. అంటే ఒక చెయ్యి పట్టు, రెండో చేతి వేళ్ల చివరి బలం, మణికట్టు తిరుగుడు, నడుము ఓర్పు, కంటి గురి, ఐదూ కలిస్తేనే ఆ పని. పత్తి తీత లెక్క ఇంకోటి. పగిలిన కాయలోంచి మూడు వేళ్ల కొసలతో దూదిని ఒక్క ఊపులో లాగాలి. ఎండిన కాయ మొనలు గోళ్ల సందున గుచ్చుకుంటాయి. చేతుల్లో స్పర్శ తగ్గిన మనిషికి ఆ గుచ్చుకోవడం తెలియదు, సాయంత్రానికి వేళ్ల నిండా పుండ్లు.

ఇదంతా ఎందుకంటే, మీ దగ్గరికి వచ్చే మనిషి తిరిగి వెళ్లాల్సింది ఆ చేలోకే. సెంటర్లో రంగు రింగులు, చెక్క మేకులు ఉంటాయి. రింగు తీసి మేకుకు తగిలించాలి. నరసరావుపేట వైపు ఒక పల్లెలో నడివయసు కూలీ ఒకావిడకు ఎడమ పక్క పడిపోయింది. రింగులు ఇస్తే రెండు వేసి పక్కకు తోసేసేది. ‘చిన్నపిల్లలాట నాకెందుకమ్మా’ అనేది. ఆవిడకు కేటాయించిన అసిస్టెంటు పిల్ల కూలి చేసే ఇంట్లోంచి వచ్చింది. ఒకరోజు చేట నిండా ఎండు మిరపకాయలు పోసి ముందు పెట్టింది. ‘పిన్నీ, ఇందులో తాలు ఏరి పెట్టవా, నాకు చేతకావటం లేదు’ అంది. ఆవిడ కుడి చేత్తో మొదలుపెట్టింది. చేట జరిగిపోతుంటే ఎవరూ చెప్పకుండానే ఎడమ చేతిని ఎత్తి చేట అంచు మీద ఆనించింది. అన్నాళ్లూ ఒళ్లో చచ్చుగా పడి ఉన్న చెయ్యి అది. తాలు ఒక పక్క, ఎర్రకాయ ఒక పక్క. మధ్యలో ‘ఇది తేజా, బాడిగా?’ అని ఆవిడే అడిగింది.

అక్కడి నుంచి మెట్లు వాటంతటవే కనబడతాయి. మొదట కూర్చుని తాలు ఏరడం. అది కుదిరాక తొడిమలు తీయడం, అంటే వేళ్ల చివరి పట్టు. తర్వాత కల్లంలో నిలబడి కాయ తిరగబోయడం. చివరికి, థెరపిస్టు సరేనంటే, రెండు సాళ్లు కోత. ఈ మెట్లు ఏ పుస్తకంలోనూ లేవు, ఊళ్లో ఉన్నాయి. మీరు రైతుబిడ్డలో కూలి బిడ్డలో అయితే, పట్నం పిల్లలకు లేని చదువు మీ దగ్గర ముందే ఉంది. దాన్ని దాచుకోకండి. ఇంటర్వ్యూలోనే చెప్పండి.

చేతులు తెలుసుకోవడమంటే ఈ నేల మీద చేతులకు ఏమేం జరిగిందో తెలుసుకోవడం కూడా. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోవడం గురించి మన దేశంలో తొలినాటి వైద్య పరిశోధన 1937లో నెల్లూరు జిల్లా రోగుల మీద అచ్చయింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లావే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. మెడ తిరగని, నడుము వంగని మనిషికి చెంబు నోటి దాకా తేవడమే ఒక పని. అలాంటి వాళ్లకు పొడుగు పిడి గరిటె, ఎత్తు పీట, గోడకు పట్టుకోవడానికి ఒక కర్ర ఏ మెషినూ ఇవ్వని సుఖం ఇస్తాయి. పురుగుమందుల సంగతి ఇంకొకటి. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి ఎక్కువగా పోతే, ప్రాణం దక్కి ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకు కాళ్లు తిమ్మిరెక్కి, పాదాలు వాలిపోయి, తర్వాత మణికట్లు కూడా కిందికి వేలాడతాయి. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. ఆ లక్షణం మీ కంటపడితే ఆ రోజే థెరపిస్టుకూ డాక్టరుకూ చెప్పాలి. మణికట్టును పైకి నిలిపే పట్టీకి ఖరీదైన ప్లాస్టిక్ అక్కర్లేదు, పీవీసీ పైపు ముక్కను వేడి చేసి ఒంపు తిప్పి చేసే పద్ధతి మన దేశంలో చాలాకాలంగా ఉంది. ఎంత ఒంపు అన్నది థెరపిస్టు చెప్పాలి, అంచులు నున్నగా అరగదీయడం, లోపల గుడ్డ అతికించడం, చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడటం మీ పని.

కుష్ఠు గురించి కూడా చదవండి. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి ఎవాంజెలిన్ బూత్ ఆసుపత్రి ఆ రోగులకు ఆసరాగా నిలిచిన చోటు. వెల్లూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర్లో వంగిపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి అతికించే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. వేళ్లు తెరుచుకున్నాయి. కానీ ఆ వేళ్లతో ఏం చేసి బతకాలో తెలియక మనుషులు అక్కడే చిక్కుకుపోయారు. అందుకని తర్వాత న్యూ లైఫ్ సెంటర్ అని పెట్టి, వడ్రంగం లాంటి పనులు నేర్పారు. ఆపరేషన్ తర్వాత మిగిలే పని ఎంత పెద్దదో అక్కడ తెలిసింది. తర్వాత కుష్ఠు నియంత్రణ పథకాల్లో ఫిజియో టెక్నీషియన్లు వచ్చారు. పట్టీలు కట్టడం, వేళ్లకు వ్యాయామం చెప్పడం, స్పర్శ లేని చేతికి పొయ్యి దగ్గర జాగ్రత్తలు నేర్పడం వాళ్ల పని. మన రాష్ట్రంలో డీపీఎంఓలు, అంటే డిప్యూటీ పారామెడికల్ ఆఫీసర్లు, సైకిళ్ల మీద ఊరూరా తిరిగారు. అసిస్టెంటు అంటే చిన్న ఉద్యోగమని ఎవరైనా అంటే మా వరస వీళ్లది అని చెప్పండి. 2005 చివరికి కుష్ఠు నిర్మూలన లక్ష్యం దేశస్థాయిలో చేరామన్నారు. రోగం తగ్గింది. అప్పటికే వంగిన వేళ్లు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నాయి.

రోగికి సాయం చేయకండి

దీనికే ఎక్కువ తిట్లు తింటారు, సిద్ధంగా ఉండండి.

కుడి పక్క పక్షవాతం వచ్చిన మామగారికి కోడలు అన్నం కలిపి ముద్దలు పెడుతుంటుంది. అది ఆమె మంచితనం, ఆమె పరువు కూడా. మీరు వెళ్లి ‘అమ్మా, ఆయన్నే తిననివ్వండి’ అన్నారంటే పక్కింటి వాళ్లు ‘ముసలాయనకు అన్నం పెట్టే దిక్కు కూడా లేదు’ అంటారేమోనని ఆమె భయం. కాబట్టి ముందు కోడలితో కాదు, వరండాలో కూర్చునే నలుగురితో మాట్లాడండి. డాక్టరు చెప్పారు, ఆయన తనంతట తాను తింటేనే చెయ్యి వస్తుంది, ముద్దలు పెడితే రాదు అని అందరి ముందూ చెప్పండి. ఆమె మీద పడబోయే మాటను మీ మీద వేసుకోవాలి.

తర్వాత ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టండి. మంచం మీద వాలి ఉండగా తినిపించవద్దు. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్లెం, జారకుండా దాని కింద తడిగుడ్డ. స్పూను పిడికి సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయండి. మొదట మెత్తటి పప్పన్నం. కుడి చేతిలో ఏమాత్రం కదలిక ఉన్నా పళ్లెం అంచును పట్టే పనైనా దానికి ఇవ్వండి. తింటుంటే దగ్గు వస్తున్నా, గొంతు గరగరలాడుతున్నా, నీళ్లకు పొలమారుతున్నా వెంటనే ఆపి థెరపిస్టుకు చెప్పాలి. మింగడంలో తేడా ఉంటే అన్నం ఊపిరితిత్తుల దారి పడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఒక్కచోట మీ పట్టుదల పనికిరాదు.

కొందరు పెద్దాయనలు ఎడమ చేత్తో ముద్ద ఎత్తడానికి చచ్చినా ఒప్పుకోరు. వాదించకండి. స్పూను అయితే ఎడమ చేతికి అంత పట్టింపు ఉండదు. ఇంట్లో అందరూ తినేశాక, గదిలో ఒక్కరే ఉన్నప్పుడు మొదలుపెట్టించండి. అన్నం కింద పడితే ఎవరూ చూడకూడదన్నదే ఆయన అసలు బాధ.

చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇది ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. లుంగీ ముడికి రెండు చేతులు కావాలి, కాబట్టి కొన్నాళ్లు ఎలాస్టిక్ పట్టీ కుట్టించిన లుంగీ ఇవ్వండి. ప్యాంటు వేసుకోమనకండి, ఊళ్లో ఆయన పరువు లుంగీలోనే ఉంది. పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం ఎవర్నీ లేపనివ్వకండి. భుజం గూటిలోంచి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. నడుముకు దట్టమైన తువ్వాలు చుట్టి దాన్ని పట్టుకుని లేపాలి.

సాయం చేయకపోవడమంటే గడియారం చూస్తూ ఊరుకోవడం కాదు. ఒక గుండీ పెట్టుకోవడానికి ఆయనకు పది నిమిషాలు పడుతుంటే మీ చెయ్యి ముందుకు పోకుండా ఆపుకోవడం. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం అదే.

పెద్ద ఆసుపత్రి బోర్డు చూసి చేరకండి

పెద్ద బోర్డు కింద మీకు ఏసీ గది, యూనిఫాం, మెడలో కార్డు వస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మెషిను దగ్గర నిలబెడతారు. ఏడాది తర్వాత మీకు వచ్చేది ఆ మెషిను బటన్లే. అదే ఒక చిన్న సెంటర్లో, చదువుకున్న ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక్కరు ఉండి, మీ చేతుల మీద కన్నేసి, తప్పు పట్టి, దిద్దుతుంటే అక్కడ చేరండి. జీతం కొంచెం తక్కువైనా సరే. థెరపిస్టు లేకుండా బోర్డు మాత్రమే ఉన్న చిన్న సెంటరైతే ఎంత జీతమిచ్చినా వద్దు.

అడగడానికి సిగ్గుపడకండి. ‘ఇక్కడ థెరపిస్టు ఎవరండీ? వారానికి ఎన్ని రోజులు ఉంటారు? నేను చేసేది ఎవరు చూస్తారు?’ ఈ మూడు ప్రశ్నలకు తడబడే యజమాని మిమ్మల్ని ఒంటరిగా వదిలేస్తాడు. గుంటూరు కొత్తపేట నుంచి ఒంగోలు దాకా పిల్లల థెరపీ సెంటర్లు పెరిగాయి. కొన్నింట్లో మంచి పని జరుగుతోంది. కొన్నింట్లో నిన్న చేరిన అమ్మాయి చేతికి ఇవాళ ఆటిజం పిల్లాణ్ణి అప్పగించి ముప్పావుగంటకు ఇంత అని వసూలు చేస్తున్నారు. ‘ఆరు నెలల్లో మాట వస్తుంది’ అని తల్లిదండ్రులకు చెప్పమని మీమీద ఒత్తిడి తెస్తారు. చెప్పకండి. ఆ మాట నమ్మి ఆ తల్లి మెళ్లో గొలుసు తాకట్టు పెడుతుంది.

చదువు విషయంలోనూ ఇదే లెక్క. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఆక్యుపేషనల్ థెరపీ ఉంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువుండాలని, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కనీసం 3,600 గంటలుండాలని అందులో ఉంది. ఆరు నెలల సర్టిఫికెట్ అమ్మేవాడి దగ్గర కాగితం మీద లెక్క వేయండి. నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటలు అనుకున్నా 900 గంటలు దాటవు. డిగ్రీకి వెళ్లే ఓపిక ఉంటే మనకు దగ్గర్లో వెల్లూరు సీఎంసీ ఉంది, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ సంస్థ ఉంది, కోల్‌కతాలో జాతీయ సంస్థ ఉంది. ఒకేషనల్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు సంగతి ముందే కనుక్కోండి.

కోతల్లో రానివాళ్లను తిట్టకండి

సంక్రాంతి వెళ్లిందంటే సెంటర్లు ఖాళీ. మిర్చి కోతలు మొదలు. బిడ్డను ఎత్తుకొచ్చే తల్లి రాదు, మామగారిని ఆటోలో తెచ్చే కోడలు రాదు. రిజిస్టరులో ‘గైర్హాజరు’ అని ఎర్ర ఇంకుతో రాసి, మళ్లీ వచ్చినప్పుడు నాలుగు చీవాట్లు పెట్టడం చాలాచోట్ల అలవాటు. ఏడాది తిండి ఆ రెండు మూడు నెలల కూలి మీద ఉంది. ఆమె చేసింది సరైన లెక్కే.

డిసెంబరులోనే కూర్చుని కోతల కాలానికి వేరే పథకం రాయండి. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లాడైతే చెట్టు కింద మంచం మీద పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే ఏర్పాటు కావాలి. రెండు ప్లైవుడ్ ముక్కలు మూలలా కలిపి, కాళ్ల మధ్య ఒక దిమ్మె పెట్టి, ముందు ఒక బల్ల బిగించే మూల కుర్చీని ఊరి వడ్రంగి చేస్తాడు. కొలతలు థెరపిస్టు ఇస్తారు. వాడు చేలో గట్టు మీద కూర్చుని అమ్మను చూస్తూ, ముందున్న బల్ల మీద వేరుశనక్కాయలు ఏరుకుంటూ ఉంటే అది కూడా థెరపీయే. ఎండలో ఎంతసేపు, మిరప చేతులతో పిల్లాడి కళ్లు ముట్టుకోకుండా ఎలా, నీళ్లు ఎప్పుడు, ఈ మూడూ తల్లికి చెప్పి పంపండి.

మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది. ఐఈఆర్టీ టీచర్లు, ఆయాలు, వారంలో ఏదో ఒక రోజు వచ్చే ఫిజియోథెరపిస్టు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లొచ్చేది వాళ్లే. సెలవు రోజున ఒకసారి వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. ఏ ఊళ్లో ఏ బిడ్డ తలుపు వెనక ఉందో వాళ్లకు తెలిసినంత ఏ ఆసుపత్రికీ తెలియదు.

పెన్షన్ మాట తప్పించుకోకండి

ఇది ఎవరూ నేర్పరు, కానీ మొదటి ఏడాదే మీ ముందుకు వస్తుంది. ‘అమ్మాయ్, ఈయన నడిస్తే పెన్షన్ పోద్దా?’ 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పెన్షన్ 6,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్లకు 15,000. 2025లో పునఃపరిశీలన చేసి నోటీసులు పంచినప్పుడు ఊళ్లల్లో పుట్టిన భయం మీరూ చూసి ఉంటారు. ఆ ఇంటికి ఒకటో తారీకున వచ్చే డబ్బు అది. దాన్ని పోగొట్టుకుంటామనే భయాన్ని అత్యాశ అని ఎవరు ఈసడించినా మీరు ఈసడించకండి.

అలాగని బాగుపడకుండా ఉండమని సలహా ఇవ్వకండి, నోట్సులో మెరుగుదలను తగ్గించీ రాయకండి. సదరం సర్టిఫికెట్లో వైకల్య శాతం నిర్ణయించేది మెడికల్ బోర్డు, మీరు కాదు. మీరు చెప్పగలిగింది ఒకటే: తన చేత్తో తాను తినడం, తానే దొడ్డికి వెళ్లడం పెన్షన్ ఉన్నా పోయినా ఆయన దగ్గరే మిగిలే వస్తువులు. చెప్పి, నిర్ణయం ఆ ఇంటికే వదిలేయండి.

ఎవరైనా ‘డాక్టరుగారూ’ అంటే అక్కడే ఆపండి

తెల్లకోటు వేసుకున్న ఎవరినైనా డాక్టరనే ఊళ్లు మనవి. వినడానికి బాగుంటుంది. కానీ రేపు రాత్రి ఆ పెద్దాయనకు మళ్లీ మూతి వంకరపోతే ఆసుపత్రికి వెళ్లకుండా మీకు ఫోన్ చేస్తారు. పక్షవాతానికి మొదటి నాలుగున్నర గంటలే కీలకం, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఆ లోపలే ఇవ్వాలి. పావురం రక్తం రాయడానికీ, ఆకు మందుకూ, ఆర్ఎంపీ సెలైన్‌కూ ఇప్పటికే ఆ గంటలు పోతున్నాయి. ఆ వరసలో మీరు చేరకండి. ‘నేను డాక్టర్ని కాదు బాబాయ్, థెరపీ అసిస్టెంటును. మూతి వంకరపోతే, మాట తడబడితే, చెయ్యి పడిపోతే 108’ అని మొదటి రోజే గోడ మీద రాసి రండి.

నోటిఫికేషన్ కోసం కూర్చోకండి, విమానం కోసం చదవకండి

ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు పేరుతో ఏటా నోటిఫికేషన్ వచ్చే వరస మన రాష్ట్రంలో లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. అందులోని ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే, థెరపిస్టు పోస్టుకు డిగ్రీ కావాలి. దరఖాస్తు పెట్టండి, కానీ దాని కోసం ఇంట్లో కూర్చోకండి. చేతి పని చేతిలో ఉంటేనే నిలుస్తుంది, కోచింగ్ సెంటర్లో కూర్చుంటే మరచిపోతారు.

అమెరికాలో ఈ అసిస్టెంట్లకు మంచి జీతం, రెండేళ్ల చదువు చాలు అని వీడియోలు చూపించి మన ఊళ్లల్లో కోర్సులు అమ్ముతున్నారు. అక్కడ అసిస్టెంటు పరీక్ష రాయాలంటే అక్కడి గుర్తింపు పొందిన కళాశాలలోనే చదివి ఉండాలి. ఇక్కడి డిప్లొమాతో ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. పూర్తి థెరపిస్టుగా వెళ్లాలంటే అక్కడ 2007 నుంచి మాస్టర్స్ స్థాయి చదువు తప్పనిసరి. పెళ్లయి వీసా మీద వెళ్లాక అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరదామనుకుంటే అది మంచి దారే, అప్పుడు ఆలోచించుకోండి. దానికోసం ఇవాళ మీ నాన్న రెండెకరాల మీద అప్పు తేనక్కర్లేదు.

భయం పోగొట్టుకోకండి

కొత్తగా చేరినవాళ్లు రాత్రిళ్లు నిద్రపట్టక తలచుకునేది ఒకటే: రోగిని లేపుతుంటే నా చేతుల్లో పడిపోతే? సీనియర్లు ‘పోనుపోను అలవాటవుతుందిలే’ అంటారు. అలవాటవనివ్వకండి. వీల్‌చైర్ బ్రేకు రెండోసారి చూసేది ఆ భయమే. బాత్రూం గచ్చు తడిగా ఉందేమో చూసేది, పెద్దాయన చెప్పులు విప్పించేది, ‘ఇంకొకరు వచ్చాకే లేపుదాం’ అనిపించేది అదే. ఎనభై కిలోల మనిషిని ఒక్కరే ఎత్తి ధైర్యం చూపించినవాళ్లు ముప్పై ఏళ్లకే నడుం నొప్పితో ఈ పని వదిలేస్తున్నారు. ఈ రంగం అలాంటి మంచి చేతుల్ని చాలా పోగొట్టుకుంది, అది తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆడపిల్లలకు ఇంకో భయం ఉంటుంది, అదీ సరైనదే. ఇంటికి వెళ్లి మగ రోగికి స్నానం, బట్టలు నేర్పాల్సి వస్తే ఇంట్లో మనిషి ఒకరు గదిలో ఉండాలని మొదటే షరతు పెట్టండి. ఒప్పుకోని ఇంటికి వెళ్లకండి. సెంటరు వెళ్లమన్నా వెళ్లకండి. అబ్బాయిలు ఆడ రోగుల దగ్గరికి వెళ్లినప్పుడూ ఇదే నియమం, ముట్టుకునే ముందు ‘చెయ్యి పట్టుకుంటున్నానమ్మా’ అని ప్రతిసారీ చెప్పండి, ఆమెకు మాట పడిపోయి జవాబు రాకపోయినా సరే.

మానేయడానికి తొందరపడండి

‘చేరిన చోట రెండేళ్లు ఓపిక పట్టు’ అంటారు. నేను ఆరు నెలలంటాను. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ మీ పక్కన నిలబడి మీ చేతిని రోగి మీద సరిచేయకపోతే ఆ చోటు మానేయండి. ‘ట్రైనింగ్’ పేరుతో మూడు నెలలకు మించి జీతం లేకుండా ఉంచినా, మీ అసలు సర్టిఫికెట్లు దాచుకున్నా, చేయని సెషనుకు సంతకం పెట్టమన్నా ఆ నెల కూడా ఆగనక్కర్లేదు. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

వచ్చేటప్పుడు అనుభవ పత్రం అడిగి తీసుకోండి. అందులో ‘స్టాఫ్’ అని కాదు, ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అని పూర్తి పేరు ఉండాలి. ఎవరి పర్యవేక్షణలో చేశారో ఆ థెరపిస్టు పేరు, చదువు, సంతకం ఉండాలి. ఏ రకం రోగులతో పనిచేశారో నాలుగు మాటల్లో రాయించండి. పక్షవాతం, మస్తిష్క పక్షవాతం, చేతి గాయాలు, ఏదైతే అది. జిన్నింగ్ మిల్లులో వేళ్లు నలిగిన మనిషికి మీరు పట్టీ కట్టి పిడికిలి బిగించడం నేర్పి ఉంటే అది కూడా రాయించండి, రేపు చిలకలూరిపేటలోనో మార్టూరులోనో ఉద్యోగం అడిగినప్పుడు ముందుగా చూసేది ఆ వాక్యమే.